చెరువు దగ్గర ఒక టైము, పక్క చెరువు దగ్గర ఇంకో టైము: నెట్ టైమ్ సర్వర్లు పెట్టుకోవడం ఎలా?

పాలకొల్లు_కెమెరాలు
పాలకొల్లు చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద సీసీ కెమెరాలు బిగిస్తుంటాను, ఊళ్లో చిన్న నెట్ సెంటర్ కూడా ఉంది. పోయిన వారం ఒక రైతు మకాం దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లు రెండు ఎత్తుకుపోయారు. పక్కపక్క చెరువులే, రెండిటికీ కెమెరాలు పెట్టింది నేనే. కెమెరా బొమ్మలు రికార్డు చేసే పెట్టెని డీవీఆర్ అంటారు. మొదటి డీవీఆర్‌లో ఆటో రాత్రి 2:07కి గట్టు మీదికి ఎక్కింది. రెండో దాంట్లో అదే ఆటో మోటార్లు వేసుకుని 1:56కి గట్టు దిగిపోయింది. అంటే రాకముందే వెళ్లిపోయిందన్నమాట. "ఏది నమ్మమంటావయ్యా" అని స్టేషన్లో అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఐదు నెలల కిందట ఒకే రోజు, నా ఫోన్ చూసే, రెండిటికీ టైము పెట్టాను. ఇది చాలదన్నట్టు సెంటర్లో ఒక కంప్యూటర్ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా 2009కి వెళ్లిపోతుంది.

నెట్‌లో ఎవరో ఉచితంగా టైము ఇచ్చే సర్వర్లు నడుపుతారని విన్నాను. నమ్మొచ్చా? డీవీఆర్‌లో ఏం రాయాలి?

గోదారి_ఈత
రాకముందే వెళ్లిపోయిన ఆటోనా! అది పోలీసుల వల్ల కాదు గురూ, భూతవైద్యుణ్ణి పిలవాలి.

తణుకు_టెక్కీ
2009కి వెళ్లేదానికి సర్వర్లూ గిర్వర్లూ అక్కర్లేదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఉంటుంది, సీఆర్2032 అని రాసి ఉంటుంది. అది చచ్చింది. కొత్తది వేయండి, ముందు ఆ పని చూడండి.

పాలకొల్లు_కెమెరాలు
సెల్లేనా? మొన్న ఒకమ్మాయి పరీక్ష దరఖాస్తుకి చివరి రోజున వస్తే ఆ సిస్టమ్‌లో ఏ సైటూ తెరుచుకోలేదు, "మీ గడియారం వెనకబడింది" అని ఎర్ర బొమ్మ. నెట్ వాడిని తిట్టాను, వైర్లు పీకి పెట్టాను. టైము మార్చాలని తట్టేసరికి అరగంట.

ల్యాబ్_మేడమ్
సైట్లు తెరుచుకోకపోవడానికి కారణం వాటి సర్టిఫికెట్లు, అంటే సైటు అసలుదేనని చూపే పత్రాలు. ప్రతి సర్టిఫికెట్‌కీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. మీ సిస్టమ్ 2009లో కూర్చుంటే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, బ్రౌజర్ ఒప్పుకోదు.

మీరడిగినదానికి వస్తాను. భీమవరంలో కాలేజీ ల్యాబ్ చూస్తాను, 60 సిస్టమ్‌లు. ఎన్‌టీపీ అంటే నెట్ మీద కంప్యూటర్లు టైము కలుపుకునే పద్ధతి. మేము వాడేది ఎన్‌టీపీ పూల్. 2003లో అడ్రియన్ ఫాన్ బిడ్డర్ అనే ఆయన మొదలుపెట్టాడు, 2005 నుంచి అస్క్ బ్యోర్న్ హాన్సెన్ చూసుకుంటున్నాడు. ప్రపంచమంతా కొన్ని వేల సర్వర్లు. ఒక్కోటీ ఒక్కొక్కరు సొంత ఖర్చుతో నడుపుతారు, కొన్ని కంపెనీలవీ, కాలేజీలవీ కూడా ఉంటాయి. మీరు పేరు అడిగితే చాలు, ఆ పూట బాగున్నవాటిలోంచి నాలుగు అడ్రస్‌లు ఇస్తుంది. మన దేశానికి రాయాల్సింది: 0.ఇన్.పూల్.ఎన్‌టీపీ.ఆర్గ్, తర్వాత సున్నా బదులు 1, 2, 3. నాలుగూ రాయండి.

గోదారి_ఈత
మేడమ్, ఇది తెలుగులోనే కొట్టాలా 😀

ల్యాబ్_మేడమ్
ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి బాబూ. ఈ వేదికలో తెలుగే రాయాలన్న నియమం పెట్టింది నేను కాదు.

టిక్కెట్_రాజు
నాలుగు ఎందుకండీ? ఒకటి చాలదా?

ల్యాబ్_మేడమ్
ఒక్కటే పెడితే అది అబద్ధం చెప్పినా మీకు తెలియదు. రెండు పెడితే, రెండూ చెరో మాట చెప్పినప్పుడు ఎవరి పక్షాన నిలబడాలో తెలియదు, ఇప్పుడు పాలకొల్లు ఆయన స్టేషన్లో నిలబడ్డట్టే. మూడుంటే ఒకటి తప్పినా మిగతా రెండూ దాన్ని పట్టిస్తాయి. నాలుగో దాన్ని ఒకటి చచ్చిపోయినా మూడు మిగలాలని పెట్టడం. డీవీఆర్‌లలో ఒక్క గడే ఉంటుంది, దానికి చేసేదేం లేదు, ఒక్కటే రాయండి.

రొయ్యగట్టు
నాకు ఒక సందేహం. ఎక్కడో ముంబైలోనో సింగపూర్‌లోనో ఉన్న సర్వర్ "ఇప్పుడు 9:00:00" అని పంపితే అది మన దగ్గరికి వచ్చేసరికి కొంత టైము అయిపోతుంది కదా. మకాం దగ్గర నెట్ సంగతి తెలిసిందేగా, ఒక్కోసారి మెసేజ్ వెళ్లేలోపు టీ తాగొచ్చు.

లెక్కల_మాష్టారు
మంచి ప్రశ్న. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదారి దాటించే పంటు ఎక్కారు కదా అందరూ. మీరు నరసాపురం రేవులో ఉన్నారు, మీ వాచీ మీద నమ్మకం లేదు. అవతల రేవులో సరైన గడియారం ఉంది. ఒక కుర్రాణ్ణి పంపుతూ మీ వాచీ టైము రాసుకున్నారు. వాడు అక్కడికి చేరగానే అక్కడి టైము రాసుకున్నాడు, టీ తాగాడు, బయల్దేరేముందు మళ్లీ రాసుకున్నాడు. వచ్చాక మీరు మీ వాచీ మళ్లీ చూశారు. మొత్తం నాలుగు టైములు. మీ లెక్కలో గడిచినదాంట్లోంచి వాడు టీ తాగిన టైము తీసేస్తే మిగిలింది నది మీద ప్రయాణం. అందులో సగం వెళ్లడానికి, సగం రావడానికి అనుకుంటే మీ వాచీ ఎంత తేడాగా ఉందో వచ్చేస్తుంది. ఎన్‌టీపీ చేసేది ఇదే, ఆ చీటీ సైజు 48 బైట్లు. తర్వాత డెలావేర్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయిన డేవిడ్ మిల్స్ అనే ఆయన తయారుచేశాడు, 1985లో మొదటిసారి రాతలో పెట్టారు. పుట్టుకతోనే కంటి జబ్బు, తర్వాత తర్వాత చూపు పూర్తిగా పోయింది. 2024 జనవరిలో పోయాడు.

మీ నెట్ నెమ్మదిగా ఉంటే ఫరవాలేదు, రానూ పోనూ ఒకేలా నెమ్మదిగా ఉంటే చాలు. చిక్కు ఎక్కడంటే, వెళ్లేటప్పుడు పంటు వెంటనే దొరికి వచ్చేటప్పుడు రేవులో గంట కూర్చోబెట్టారనుకోండి, సగం సగం లెక్క చెడిపోతుంది. అయినా తప్పు మొత్తం ప్రయాణంలో సగానికి మించదు. మీ 4జీలో రానూపోనూ 200 మిల్లీ సెకన్లు పట్టిందనుకుంటే ఎంత చెడ్డా 100 మిల్లీ సెకన్లు.

రొయ్యగట్టు
అర్థమైంది మాష్టారూ. అంత సూక్ష్మం మన చెరువులకి అక్కర్లేదు గానీ, టైము అసలు పట్టించుకోకపోతే ఏమవుతుందో నా అనుభవం చెబుతాను. ఆకివీడు దగ్గర వనామీ రొయ్య వేశాను. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది కదా, ఏరేటర్లు ఎప్పుడు ఆన్ అయ్యాయో రాసుకునే చిన్న పెట్టె ఒకటి పెట్టించాను. నెల రోజులు వరసగా 3 గంటలకి వేయాల్సినవి 3:40కి వేసినట్టు చూపించింది. కాపలా కుర్రాడు నిద్రపోతున్నాడని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు మాట్లాడకుండా పని మానేసి వెళ్లిపోయాడు. తర్వాత చూస్తే పెట్టె గడియారమే 40 నిమిషాలు ముందుంది. వాళ్ల ఊరు వెళ్లి పిలుచుకొచ్చాను, ఐదొందలు జీతం పెంచాల్సి వచ్చింది.

గోదారి_ఈత
అంటే నిమిషానికి పన్నెండున్నర రూపాయలు పడిందన్నమాట.

టిక్కెట్_రాజు
నాకు తత్కాల్ కోసం కావాలి. ఏసీకి ఉదయం 10, స్లీపర్‌కి 11. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి అల్లుడూ కూతురూ రావాలంటే ఒక్క సెకను తేడాలో వెయిటింగ్ లిస్టు. విండోస్‌లో ఈ పూల్ పెడితే టిక్కెట్ గ్యారంటీనా?

తణుకు_టెక్కీ
గ్యారంటీ ఏమీ లేదు. పదయిందో లేదో చెప్పేది రైల్వే వాళ్ల సర్వర్, నీ సిస్టమ్ కాదు. నీది మిల్లీ సెకనుతో సహా సరిగ్గా ఉన్నా వాళ్ల లెక్కే లెక్క.

టిక్కెట్_రాజు
అయినా నాది ఇరవై సెకన్లు వెనకుంటే నేను ఆలస్యంగా నొక్కుతాను కదా!

ల్యాబ్_మేడమ్
అది నిజమే. పాత విండోస్ సొంత సిస్టమ్‌లలో మామూలుగా వారానికి ఒక్కసారే టైము సరిచూసుకుంటుంది. రోజుకి రెండు సెకన్లు తప్పే గడియారమైతే వారం చివర 14 సెకన్ల తేడా. బుక్ చేసే ముందు సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌లోకి వెళ్లి సింక్ నౌ నొక్కండి, సరిపోతుంది.

లెక్కల_మాష్టారు
రోజుకి రెండు సెకన్లు అంటే గడియారం చెడిపోయిందని కాదు. లోపల ఉండేది సెకనుకి 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ ముక్క. 25 డిగ్రీల దగ్గర బాగా నడుస్తుంది, వేడెక్కినా చల్లబడినా వెనకబడుతుంది. మే నెలలో రేకుల మకాంలో డీవీఆర్ పెట్టె 45 డిగ్రీలకి వెళ్లిందనుకోండి, ఆ వేడి ఒక్కటే రోజుకి సెకను పైన తినేస్తుంది. చవకరకం ముక్కలో ఉండే తేడా దీనికి అదనం. పాలకొల్లు గారి రెండు డీవీఆర్‌లకీ ఐదు నెలల్లో పావుగంట తేడా వచ్చిందంటే ఒకటి రోజుకి మూడు సెకన్లు ముందుకీ ఇంకోటి మూడు వెనక్కీ నడిచి ఉంటాయి. అసాధారణం ఏమీ కాదు.

తణుకు_టెక్కీ
అసలు ఊరూ పేరూ తెలియని వాళ్ల సర్వర్లు ఎందుకండీ? ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ ఉంది, మన దేశపు టైము నిలబెట్టేదే వాళ్లు, టైమ్.ఎన్‌పీఎల్‌ఇండియా.ఆర్గ్ అని సర్వర్ కూడా ఉంది. ప్రభుత్వ కంప్యూటర్ల పని చూసే ఎన్ఐసీవి సమయ్1, సమయ్2 ఉన్నాయి. పైగా 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశం ఇచ్చింది, అందరూ వాటికే కలపాలని.

ల్యాబ్_మేడమ్
"అందరూ" కాదు. ఆ ఆదేశం సర్వీస్ ప్రొవైడర్లకి, డేటా సెంటర్లకి, సంస్థలకి, ప్రభుత్వ కార్యాలయాలకి. వాళ్లు కూడా వేరే చోటి నుంచి తీసుకోవచ్చు, ఎన్‌పీఎల్, ఎన్ఐసీ టైముతో తేడా రాకుండా ఉంటే. చెరువు గట్టు మీద డీవీఆర్‌కి ఆ గొడవ లేదు. అలాగని అవి వద్దనడం లేదు, కంప్యూటర్లలో రెండు అవీ రెండు పూల్‌వీ కలిపి పెట్టినా మంచిదే.

కలపకూడనిది ఒకటుంది. గూగుల్ వాళ్ల టైమ్ సర్వర్. భూమి తిరుగుడుతో కుదిరేలా అప్పుడప్పుడు గడియారాలకి కలిపే లీపు సెకను వచ్చినప్పుడు మిగతావాళ్లు ఒక సెకను ఒక్కసారిగా కలిపితే, వాళ్లు దాన్ని 24 గంటల మీద పలచగా పూస్తారు. ఆ రోజు రెండు రకాలూ కలిస్తే మీ సిస్టమ్ ఎవరి మాట వినాలో తెలియక తికమకపడుతుంది. ఆఖరి లీపు సెకను 2016 డిసెంబరు చివర్లో వచ్చింది, మనకి 2017 జనవరి 1 తెల్లవారి 5:30కి. 2035 నాటికి ఈ పద్ధతే ఆపేద్దామని 2022లో తీర్మానించారు.

గోదారి_ఈత
ఇండియా టైము అంతా మన కాకినాడ మీదుగానే పోతుంది. మళ్లీ ఢిల్లీని అడగడం దేనికి?

లెక్కల_మాష్టారు
82 డిగ్రీల 30 నిమిషాల రేఖ గురించి కదా. బళ్లో అలాగే చెబుతారు గానీ, సరిగ్గా చూస్తే కాకినాడకి కాస్త తూర్పున, తుని దరిదాపుల్లో పోతుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన భీమవరంలో సూర్యుడు నడినెత్తికి రావడం మన గడియారం కంటే సగటున నాలుగు నిమిషాలు ఆలస్యం.

గోదారి_ఈత
అదండీ సంగతి! భీమవరం పెళ్లిభోజనాలు లేటవడానికి ఇదే కారణం.

స్ట్రాటమ్_రెండు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను పూల్‌లో ఒక సర్వర్ నడుపుతున్నాను, కాకినాడ వాడిని. "ఊరూ పేరూ తెలియని వాళ్లు" అన్నారు కదా తణుకు టెక్కీ గారు, వాళ్లలో ఒకణ్ణి నేను.

మొదట ఇంట్లోనే పెడదామనుకున్నాను. పాత రాస్ప్‌బెర్రీ పై, దానికి జీపీఎస్ ముక్క, యాంటెన్నా డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన. టైము బ్రహ్మాండంగా వచ్చింది. కానీ ఇంటి ఫైబర్‌కి సొంత అడ్రస్ ఇవ్వరు, వందల ఇళ్లకి కలిపి ఒకటి. బయటివాళ్లు తలుపు తట్టడానికి దారి లేదు. డబ్బు కట్టి స్థిరమైన అడ్రస్ తీసుకుని పూల్‌లో చేర్చాను. రెండో రోజుకే ఇంటి రూటర్ చేతులెత్తేసింది, ఎందుకంటే వచ్చే ప్రతి ప్రశ్ననీ అది గుర్తుపెట్టుకోవాలని చూస్తుంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగిపోయింది, ఇంట్లో నాకు ఏమైందో చెప్పక్కర్లేదు. ఇప్పుడు ముంబైలో అద్దె సర్వర్ మీద నడుపుతున్నాను, ఇంటిది మా ఇంటికే.

పూల్ వాళ్లు ఊరికే నమ్మరు. వాళ్ల మానిటర్లు మాటిమాటికీ వచ్చి టైము అడిగి మార్కులు వేస్తాయి. ఎక్కువలో ఎక్కువ 20. 10కి దిగితే జనానికి మీ అడ్రస్ ఇవ్వడం ఆపేస్తారు. సరైన జవాబుకి ఒక మార్కు కలుస్తుంది, జవాబు రాకపోతే ఐదు పోతాయి. ఎక్కడానికి గంటలు, దిగడానికి నిమిషాలు. మొదట్లో నిద్రలో కూడా ఫోన్ తీసి మార్కులు చూసుకునేవాణ్ణి, మా అమ్మాయి పదో తరగతికి కూడా అంత టెన్షన్ పడలేదు.

మన దేశంలో ఫోన్లూ కెమెరాలూ కోట్లలో ఉన్నాయి, పూల్‌లో మన దేశపు జోన్లో సర్వర్లు మాత్రం కొన్నే. అందుకే ఉన్నవాటి మీద తాకిడి ఎక్కువ. సెకనుకి వెయ్యి ప్రశ్నలు వస్తే రోజుకి ఆరున్నర జీబీ లోపలికి, అంతే బయటికి. ఎంత తాకిడి కావాలో తగ్గించుకునే వీలు పూల్ పేజీలో ఉంటుంది. ఒకసారి చేరాక మానేయడం మాత్రం తేలిక కాదు, పేరు తీసేసినా పాత అడ్రస్ పట్టుకుని నెలల తరబడి అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు.

పాలకొల్లు_కెమెరాలు
ఇంత ఉందని తెలియదండీ. నేను మేడమ్ చెప్పినట్టు నిన్న నలభై డీవీఆర్‌లకీ పెట్టేశాను. పేరు రాస్తే కొన్నిట్లో పనిచేయలేదు, అందుకని ఆ పేరుకి ఏ నంబర్ వస్తుందో చూసి ఆ నంబరే అన్నిట్లో రాశాను. ఎంతసేపటికి ఒకసారి అడగాలి అన్నచోట 1 నిమిషం పెట్టాను, ఇక తేడానే రాకూడదని.

స్ట్రాటమ్_రెండు
అయ్యబాబోయ్. ఆ నంబర్ నాది కాకుండా ఉంటే చాలు.

ల్యాబ్_మేడమ్
ఉతికారేయకండి, తెలియక చేశారు. పాలకొల్లు గారూ, పేరు రాస్తే పనిచేయలేదంటే ఆ డీవీఆర్‌లలో డీఎన్ఎస్ గడి (పేరుకి నంబర్ వెతికిపెట్టే సర్వర్ అడ్రస్ రాసే చోటు) ఖాళీగా ఉండి ఉంటుంది. అది నింపండి.

స్ట్రాటమ్_రెండు
ఉతకడం లేదు మేడమ్, కానీ చెప్పాలి. ఆ నంబర్ ఎవరిదో ఒక మనిషిది. రేపు ఆయన సర్వర్ మూసేస్తే మీ నలభై డీవీఆర్‌లూ గాల్లో ఉంటాయి, మీకు తెలియను కూడా తెలియదు. ఇంకో ముప్పు ఆయన వైపు నుంచి. 2003లో అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ సర్వర్ నంబర్‌ని ఒక కంపెనీ తన రూటర్లలో అచ్చు వేసేసింది. జవాబు రాకపోతే సెకనుకోసారి మళ్లీ అడగాలని కూడా రాసింది. లక్షల రూటర్లు అమ్ముడయ్యాక సెకనుకి రెండున్నర లక్షల ప్యాకెట్లు వచ్చిపడ్డాయి, యూనివర్సిటీ వాళ్లు దాడి జరుగుతోందనుకున్నారు. మీవి నలభయ్యే, నిజమే. మీలాంటి వాళ్లు జిల్లాకి వందమంది ఉంటారు.

రోజుకి మూడు సెకన్లు తప్పే గడియారానికి నిమిషానికోసారి అడిగితే ఒక్కో నిమిషంలో సరిచేసేది రెండు మిల్లీ సెకన్లు. కెమెరా బొమ్మలో ఆ తేడా ఎవడికి కనిపిస్తుంది? ఆరు గంటలకోసారి పెట్టండి, సెకను కూడా దాటదు.

పాలకొల్లు_కెమెరాలు
తప్పే. ఇవాళ తిరిగి అన్నీ మారుస్తాను. పెట్రోలు ఖర్చు నాది.

రొయ్యగట్టు
అయ్యా, మార్చేముందు ఒక్క మాట. ఆ దొంగతనం జరిగిన రెండు డీవీఆర్‌లనీ ముట్టుకోకండి. ఇప్పుడు అవి ఎంత తేడాగా ఉన్నాయో ఫోన్ పక్కన పెట్టి ఫొటో తీయండి. ఆ తేడా తెలిస్తేనే ఆ రాత్రి అసలు టైము వెనక్కి లెక్క కట్టొచ్చు.

పాలకొల్లు_కెమెరాలు
నిన్ననే సరిచేసేశానండీ రెండూ. తేడా ఎంతో రాసుకోలేదు.

గోదారి_ఈత
సాక్ష్యం తుడిచేసింది దొంగ కాదు, కెమెరా పెట్టినాయనే 🙏

లెక్కల_మాష్టారు
ఆగండి, ఇంకా దారి ఉంది. ఆ వారంలో రెండు చెరువులకీ ఒకేసారి కరెంటు పోయిందా? ఇద్దరిదీ ఒకే ఫీడర్ (కరెంటు లైను) అయితే బల్బు ఆరిన క్షణం రెండు రికార్డింగుల్లోనూ ఉంటుంది, ఇన్వర్టర్ మీద డీవీఆర్ నడుస్తుంటే. ఇన్వర్టర్ లేకపోతే రికార్డింగే తెగిపోయి ఉంటుంది. రెండిట్లో ఆ క్షణానికి ఏ టైము పడిందో చూడండి, వాటి మధ్య తేడా తెలిసిపోతుంది. సబ్‌స్టేషన్ రిజిస్టర్లో కరెంటు ఎప్పుడు తీశారో రాసి ఉంటే అసలు టైము కూడా దొరుకుతుంది.

తణుకు_టెక్కీ
మాష్టారూ, దండం.

పాలకొల్లు_కెమెరాలు
చూశాను. దొంగతనానికి ముందురోజు సాయంత్రం లైటు పోయింది. మొదటి దాంట్లో 6:52:10, రెండో దాంట్లో 6:38:04. పద్నాలుగు నిమిషాల ఆరు సెకన్లు. అంటే ఆటో వెళ్లిపోయిన 1:56 మొదటి దాని లెక్కలో 2:10. వచ్చింది 2:07, పోయింది 2:10. మూడే నిమిషాలు! మోటార్లు ముందే విప్పి పెట్టి ఉంటారు, తెలిసినవాళ్ల పనే అంటున్నాడు రైతు. కాగితం మీద లెక్క రాసి స్టేషన్లో ఇచ్చాను.

రొయ్యగట్టు
ఈసారైనా కాపలావాణ్ణి తిట్టేముందు ఆలోచించమనండి ఆ రైతుని.

టిక్కెట్_రాజు
నాది ఒక వింత. సెంటర్లో ఒక లైనక్స్ సిస్టమ్ ఉంది, సెల్లు పోయింది, పూల్ పెట్టాను. అయినా టైము మారదు. ప్రోగ్రామే ఆగిపోతోంది.

ల్యాబ్_మేడమ్
పాత ఎన్‌టీపీడీ అయి ఉంటుంది. తేడా వెయ్యి సెకన్లు, అంటే 16 నిమిషాల 40 సెకన్లు దాటితే అది భయపడి చేతులెత్తేస్తుంది, మీ గడియారం కాదు తనే తప్పేమో అనుకుని. మొదలుపెట్టేటప్పుడు మైనస్ జీ కలిపితే ఒక్కసారికి ఒప్పుకుంటుంది. దాని బదులు క్రోనీ వేసుకోండి, నెట్ వచ్చీ పోయీ చోట అదే మేలు. సెల్లు మాత్రం మార్చండి.

పాలకొల్లు_కెమెరాలు
చివరి ముచ్చట. నలభైలో ముప్పై తొమ్మిది సరిగ్గా ఉన్నాయి, పేరు రాశాను, ఆరు గంటలకోసారి. సెంటర్లో ఆరు సిస్టమ్‌లూ ఇప్పుడు విడివిడిగా బయట ఎవరినీ అడగవు, వాటిలో ఒకటి పూల్‌ని అడిగి మిగతా ఐదింటికీ చెబుతుంది. నలభయ్యోది ఐదున్నర గంటలు ముందుంది. టైమ్ జోన్ మార్చకుండా సున్నాలో వదిలేసి ఆ తేడాని చేత్తో కలిపాను ఎప్పుడో, ఇప్పుడు జోన్ సరిచేసేసరికి రెండుసార్లు కలిసింది. రేపు వెళ్లాలి.

స్ట్రాటమ్_రెండు
సింక్ నొక్కితే అదే దిగుతుంది, వెళ్లక్కర్లేదు.

పాలకొల్లు_కెమెరాలు
నొక్కాను. ఆ మకాంలో నెట్ లేదు, రీచార్జి అయిపోయిందట.